రెండుసార్లు కలిపిన గంట

మా ట్యూబా సిటీలో ఎవరినైనా టైమెంతైందని అడిగి చూడండి, తిన్నగా జవాబు చెబితే ఒట్టు. "ఎవరి టైము?" అని ఎదురు ప్రశ్న వేస్తారు. వేసవి వచ్చిందంటే నవాహోలం గడియారాన్ని ఒక గంట ముందుకు తిప్పుకుంటాం. హైవేకి అవతలున్న హోపీవాళ్ల మోయెంకోపీ తిప్పుకోదు. కింద ఫీనిక్స్ తిప్పుకోదు, మిగతా ఆరిజోనా ఏదీ తిప్పుకోదు. రోడ్డు దాటితే గంట వెనక్కి, తిరిగొస్తే గంట ముందుకి. పళ్ల డాక్టరు దగ్గరికి గంట ముందే వెళ్లి గోళ్లు గిల్లుకుంటూ కూర్చున్నవాళ్లూ, పెళ్లికి గంట ఆలస్యంగా వెళ్లి కేకు ముక్కయినా దక్కనివాళ్లూ మా ఊళ్లో ఇంటికొకరుంటారు. పెద్దలందరూ కూర్చుని ఒక్క టైము పెట్టుకుని ఏడవొచ్చు కదా! పెట్టుకోరు.

లెనోరా మెనీగోట్స్ ఈ గందరగోళంలోనే పుట్టి పెరిగింది. మెనీగోట్స్ అంటే బోలెడు మేకలని. పేరుకు తగ్గట్టే వాళ్లమ్మకు మేకలూ గొర్రెలూ బోలెడు. ఊరికి దూరంగా ఎర్రమట్టి దిబ్బల వెనక వాళ్లిల్లు. కరెంటుంది, నీళ్లు పీపాల్లో తెచ్చుకుంటారు, ఇంటర్నెట్టు మాత్రం ఆ చుట్టుపక్కల సోదిలోకి కూడా రాదు. లెనోరా యాభై దాటిన మనిషి. ముక్కుమీద కోపం, ఆ కోపం వెనకాలే నవ్వు. ఊరి బడిలో మూడో తరగతి టీచరుకు సహాయకురాలు. పిల్లలంతా ఆమెను "చిన్నమ్మా" అని పిలుస్తారు. వాళ్ల అమ్మానాన్నల్లో సగంమంది కూడా ఒకప్పుడు అలాగే పిలిచినవాళ్లే.

ఆ తరగతిలో టీచర్లు మాత్రం నిలవరు. ఒకామె ఒహాయో నుంచి వస్తుంది, ఒకాయన మనీలా నుంచి వస్తాడు. అందరూ మంచివాళ్లే, చదువు బాగా చెప్పేవాళ్లే. ఆగస్టులో ఉత్సాహంగా గోడలకు రంగు కాగితాలు అంటిస్తారు, మే నెలలో పెట్టెలు సర్దుకుంటారు. ఈ గాలీ దుమ్మూ దూరమూ పడక పోతారు, వాళ్ల బాధలు వాళ్లవి. పోయినవాళ్లను తలుచుకుని ఏడ్చే పిల్లల ముక్కులు తుడిచేది లెనోరాయే.

ఒక మే నెలలో మరో టీచరు కారు డిక్కీలో సామాను సర్దుకుంటుంటే కిటికీలోంచి చూసిన లెనోరాకు ఒళ్లు మండిపోయింది. నేరుగా ప్రిన్సిపాలు గదిలోకి వెళ్లింది.

"ఆ తరగతేదో నాకిచ్చేయండి, పీడా వదిలిపోతుంది!"

"సంతోషంగా ఇచ్చేద్దును లెనోరా. డిగ్రీ ఏదీ?"

డిగ్రీ లేదు. పంతొమ్మిదేళ్లప్పుడు ఫ్లాగ్‌స్టాఫ్‌లో ఒక కాలేజీలో చేరి, ఒక్క టర్ము చదివి, నెల తప్పి ఇంటికొచ్చేసింది. అప్పుడు కడుపులో ఉన్న పిల్లాడు ఇప్పుడు లారీ నడుపుతున్నాడు.

అలా వెళ్లి చేరింది కాపర్ మెసా యూనివర్సిటీలో. లాభం కోసం నడిపే యూనివర్సిటీ అది. ఫీనిక్స్‌లో అద్దాల మేడ, హైవే పొడుగునా బోర్డులు, ప్రతి బోర్డు మీదా నల్లగౌనూ టోపీ వేసుకుని పళ్లన్నీ బయటపెట్టి నవ్వే ఒకమ్మాయి. దాన్ని ఆడిపోసుకునేవాళ్లకు కొదవలేదు. మరిది డెల్బర్ట్ అయితే మొహం మీదే అనేశాడు.

"అది యూనివర్సిటీ కాదొదినా, దుకాణం! చేరేవాళ్లు వేలల్లో, గట్టెక్కేవాళ్లు వేళ్ల మీద."

"దుకాణమేలే! నేను బడి ముగించుకుని, వంట చేసి, మేకల్ని దొడ్లో పెట్టాక కూడా తెరిచుండే దుకాణం ఇంకోటుంటే చూపించు, అందులోనే చేరతా."

కానీ అతనన్నదాంట్లో అబద్ధం లేదని ఆమెకు పోనుపోనూ తెలిసొచ్చింది.

క్లాసులన్నీ కంప్యూటర్లోనే. పనులన్నీ అయ్యాక మళ్లీ ఊళ్లోకొచ్చి, బడి వైఫై అందేచోట పికప్ బండి ఆపుకుని, ఒళ్లో ల్యాప్‌టాప్ పెట్టుకుని చదివేది. ఒక్క రోజు మానలేదు. మేష్టారు రాసిందీ తోటివాళ్లు రాసిందీ అక్షరం వదలకుండా చదివేది. రెండు వారాలు తిరిగేసరికి ఫోనొచ్చింది.

"మేడమ్, నా పేరు రాస్కో టిలరీ, కాపర్ మెసా నుంచి మాట్లాడుతున్నా. మీరు క్లాసుకి అసలు రావట్లేదు. ఇలాగైతే మీ పేరు కొట్టేస్తారు!"

గొంతా అది! మైదానంలో బారులు తీరిన సిపాయిలమీద అరిచినట్టుంది. లెనోరా ఫోను చెవికి దూరంగా పెట్టి, తనూ అంతే గట్టిగా అరిచింది.

"రావట్లేదా? రోజూ చస్తూ వస్తున్నా! నిన్న మీ మేష్టారు ఒక మాట తప్పు రాశాడు, ఎక్కడో చెప్పమంటారా?"

"వచ్చి ఏం చేస్తున్నారు మేడమ్?"

"వింటున్నా."

"ఏమైనా రాశారా?"

"కొత్తగా వచ్చినదాన్ని. నలుగురూ మాట్లాడుతుంటే మధ్యలో దూరి నోరు పారేసుకుంటానా? మమ్మల్ని అలా పెంచలేదు."

అవతల ఒక్కసారిగా నవ్వు.

"మా అమ్మమ్మ ఉండుంటే మిమ్మల్ని నెత్తిన పెట్టుకునేది. కానీ ఇక్కడి రూలు వేరే మేడమ్. తలుపు తీసుకుని లోపలికొచ్చి కూర్చుంటే వచ్చినట్టు కాదు, నోరు విప్పితేనే వచ్చినట్టు. ఇవాళే పాఠం గురించి ఏదో ఒకటి రాయండి."

"తిట్టొచ్చా?"

"పాఠాన్నా? హాయిగా తిట్టండి."

తిట్టింది. పిల్లల్ని ఎలా కూర్చోబెట్టాలో ఆ పుస్తకం రాసినాయన మూడో తరగతి గదిలో ఒక్క పూట కూర్చుని రాసుంటే బాగుండేదని ఏకంగా ఒక పేజీ దులిపేసింది. మేష్టారు మురిసిపోయి మంచి మార్కులేశాడు. ఆ రోజునుంచి లెనోరా నోరు మళ్లీ మూతపడలేదు.

టిలరీది పాతికేళ్ల సైన్యం నౌకరీ. సార్జెంటుగా దిగిపోయాక ఇదే యూనివర్సిటీలో చదువుకుని, ఇక్కడే ఉద్యోగంలో కుదురుకున్నాడు. చేరినవాళ్లు మధ్యలో జారిపోకుండా పట్టుకునే విభాగంలో పని. మంగళవారం వచ్చిందంటే లెనోరాకు ఆయన ఫోను తప్పదు. ఆయన ఆమెను మేడమ్ అంటాడు, ఆమె ఆయన్ని సార్జెంటు గారూ అంటుంది, ఇద్దరూ ఒకరిమీద ఒకరు అరుచుకుంటారు. మొహాలు మాత్రం చూసుకోలేదు.

క్లాసులో ఇరవయ్యేళ్ల కుర్రకారు కనిపిస్తే ఒట్టు. టల్సాలో లారీ తోలే ఆయన, జార్జియాలో రాత్రి డ్యూటీ చేసే నర్సమ్మ, టెక్సాస్ జైల్లో కాపలా కాసే మనిషి, ముగ్గురు మనవల్ని పెంచుతున్న మిసిసిపీ బామ్మ, ఓడమీదనుంచి పాఠం పంపించే నావికుడు. నల్లవాళ్లు, మెక్సికోవాళ్లు, మావాళ్లు, చిన్నప్పుడు చదువు దక్కని తెల్లవాళ్లు. అందరికీ ఇళ్లున్నాయి, పిల్లలున్నారు, పొద్దున్నే లేచి పోవాల్సిన పనులున్నాయి. లెనోరాకు వాళ్లంటే ప్రాణం. కానీ ఒక్కో టర్ముకీ కొందరి పేర్లు బూడిదరంగులోకి మారిపోయేవి. అలా మారితే మనిషి వెళ్లిపోయినట్టు. మిసిసిపీ బామ్మ పేరు బూడిదైన రోజు లెనోరా బండిలో కూర్చుని భోరున ఏడ్చింది.

"ఎందుకిలా పోతారు సార్జెంటు గారూ?"

"కారు చెడిపోతుంది. షిఫ్టు మారుతుంది. తల్లికి పక్షవాతమొస్తుంది. పదిమంది చేరితే ముగ్గురు గట్టెక్కడం గొప్ప మేడమ్. జారిపోయేలా ఉన్నవాళ్లకు ఎర్రచుక్క పడుతుంది, నా బోర్డు నిండా అవే."

"నాది ఏ రంగు?"

"పచ్చ. ఎర్రబడిందా, మీ ఊరొచ్చి మీ గుమ్మంలో కూర్చుంటా."

"రండి రండి. మేకలు కాద్దురుగాని."

అలా ఏళ్లు ఈదుకుంటూ ఆఖరి కోర్సుకొచ్చింది. ప్రిన్సిపాలు గారు మాటిచ్చారు. జూన్ నెలలో డిగ్రీ చేతిలో ఉంటే మూడో తరగతి లెనోరాది. లేదంటే బయటి మనిషిని తీసుకోక తప్పదు, ఇప్పటికే ఎవరో నెబ్రాస్కా అమ్మాయి దరఖాస్తు పెట్టుకుంది. మిగిలింది ఒకే ఒక్క పేపరు. మూడో తరగతి పిల్లలకు గడియారం చూడటం నేర్పడమెలా? అదీ విషయం. లెనోరా పొంగిపోయింది. రోడ్డుకు ఇటొక టైమూ అటొక టైమూ ఉన్న ఊళ్లో పిల్లలకు గడియారం నేర్పడమంటే మాటలా! ఆదివారానికల్లా రాసేసింది. చదివి చదివి మురిసిపోయింది. సోమవారం బడికెళ్లి, మధ్యాహ్నం అన్నాల వేళ ఆ వైఫైలో పంపించేస్తే సరి.

యూనివర్సిటీ పేజీలో గడువు సోమవారం మధ్యాహ్నం ఒంటిగంట అని ఉంది, నిమిషం దాటినా తీసుకోరు. యూనివర్సిటీ టైమంటే ఫీనిక్స్ టైము, దానికో గంట కలుపుకుంటే మనకు రెండు. ఎప్పుడూ చేసే లెక్కే. అసలు లెక్క కూడా కాదు, చెయ్యి కడుక్కున్నంత అలవాటు. అయితే ఆ నెలలోనే వాళ్లు సైటు మార్చారు. ఇకనుంచి ఎవరి ఊరి టైము వాళ్లకే కనిపిస్తుందని ఒక సందేశం కూడా పంపారు. అలాంటి సందేశాలు ఎవరు చదువుతారు, మీరు చదువుతారా? ఫీనిక్స్‌లో మధ్యాహ్నం పన్నెండుకు గడువు. దానికో గంట సైటు కలిపింది, ఇంకో గంట లెనోరా కలిపింది.

ఆ సోమవారం పొద్దున్నే గాలి లేచింది. మా మే నెల గాలి సంగతి చెప్పక్కర్లేదు, పళ్లమధ్య ఇసుక కరకరలాడుతుంది. పది కొట్టేసరికి ఎక్కడో తీగ తెగి ఊరంతా కరెంటు పోయింది. బడిలో లైట్లు లేవు, వైఫై లేదు. ఫోన్లో మాట వస్తోంది గానీ నెట్టు రావట్లేదు. లెనోరా ఏమాత్రం కంగారు పడలేదు. రెండింటిదాకా టైముంది, ఈలోగా కరెంటు రాకపోతుందా? పిల్లలకు అన్నాలు పెట్టించింది, ఒలికిన పాలు తుడిచింది. పన్నెండూ నలభైకి ఫోను మోగింది.

"మేడమ్! పేపరేదీ? మీ చుక్క ఎర్రబడింది!"

"అరవకండి. ఇంకా గంటా ఇరవై నిమిషాలుంది."

"ఎక్కడుంది గంటా ఇరవై? ఇరవై నిమిషాలే ఉంది!"

"అయ్యా, గడువు ఒంటిగంటకి. మా ఊళ్లో రెండింటికి. మీకు లెక్కలు రావా?"

"ఆ ఒంటిగంట మీ ఊరి ఒంటిగంటే మేడమ్! సైటు మారింది! ఇక్కడ గోడమీద పదకొండూ నలభై! నేను చూస్తూనే ఉన్నా!"

లెనోరాకు ఆయన పొరబడ్డాడేమోనన్న అనుమానం ఒక మూల ఉండనే ఉంది. కానీ మనిషి గొంతులో మొదటిసారి భయం వినిపించింది, అరుపు కాదు. ల్యాప్‌టాప్ చంకలో పెట్టుకుంది. టీచరమ్మను పిలిచి "పిల్లల్ని చూడు తల్లీ!" అని ఒక్క కేక వేసి, దుమ్ములోకి పరిగెత్తింది. యాభై దాటిన మోకాళ్లు ఏమంటాయో వినే తీరిక లేదు.

కరెంటు పోయింది మా వైపు. రోడ్డవతల హోపీవాళ్ల తీగ వేరు, వాళ్ల హోటల్లో లైట్లు దేదీప్యమానంగా వెలుగుతుంటాయి. అక్కడ కౌంటర్లో ఉండేది బెటీనా నువంసా. చిన్నప్పుడు ఒకే బెంచీ మీద కూర్చుని చదువుకున్న మనిషి. లెనోరా పికప్‌ను ఆ దారి పట్టించింది. బండి ముక్కుతూ మూలుగుతూ కదిలింది. కూడలి దగ్గర సిగ్నలు లైట్లు లేవు. నాలుగు వైపులా బండ్లు ఆగున్నాయి, మావాళ్ల మర్యాద తెలిసిందే కదా. "మీరు వెళ్లండి" అని ఒకరు చెయ్యూపుతారు, "అబ్బే, మీరే వెళ్లండి" అని ఇంకొకరు ఊపుతారు. ఒక్క బండి కదలదు! లెనోరా అద్దం దించి తల బయటపెట్టింది.

"అందరూ ఆగండి! నేను వెళ్తున్నా! నాకు డిగ్రీ కావాలి!"

ఆమె సంగతి తెలిసిన ఊరు. హారన్లు మోగించి దారిచ్చారు. ఎవరో వెనకనుంచి "తొక్కు చిన్నమ్మా, తొక్కు!" అని అరిచారు. తొక్కింది.

హోటల్లో కౌంటరు ముందు జర్మనీ యాత్రికులు గుంపుగా నిలబడున్నారు. ఒక పెద్దాయన చేతిగడియారం చూపిస్తూ, ఇక్కడ టైమెంతో చెప్పమని బెటీనాను అడుగుతున్నాడు. రోజుకు ఎన్నిసార్లు చెప్పిందో పాపం, ఆమె నిట్టూర్చి మళ్లీ మొదలుపెట్టింది. "చూడండి, రోడ్డుకి ఇటు..."

"అది తర్వాత చెబుదువుగానివే! వైఫై ఇవ్వు!"

లెనోరాను చూసి బెటీనా కళ్లు మెరిశాయి. దొరక్క దొరక్క దొరికింది.

"ఏమే, గంట ముందుండేవాళ్లు కదా మీరు! మా దగ్గరికెందుకొచ్చావ్?"

"బెటీనా! చంపుతా!"

"రూము తీసుకుంటావా? వైఫై రూమున్నవాళ్లకే."

అంతలో లెనోరా కళ్లలో నీళ్లు చూసింది. ఆ క్షణంలో ఎగతాళంతా ఎగిరిపోయింది. కౌంటరు దాటి ఇవతలకొచ్చి, ల్యాప్‌టాప్ లాక్కుని సంకేతపదం తనే టైపు చేసింది. పేజీ తెరుచుకుంది. ల్యాప్‌టాప్‌కు తను రోడ్డు దాటిన సంగతి తెలిసిపోయినట్టుంది, మూలనున్న గడియారం పదకొండూ యాభై మూడు చూపిస్తోంది. గడువు కూడా మారిపోయింది. నిన్నటిదాకా ఒంటిగంట అని ఉన్నచోట ఇప్పుడు పన్నెండు.

లెనోరా నోరు తెరుచుకుని చూసింది. సార్జెంటు నిజమే చెప్పాడు. జన్మంతా గంట కలుపుకుని కలుపుకుని, అక్కర్లేనిచోట కూడా కలిపేసిన మహాతల్లి తనే!

"చూస్తావేమే, నొక్కు!" బెటీనా అరిచింది.

నొక్కింది. చక్రం తిరగడం మొదలైంది. తిరుగుతుంది, ఆగుతుంది, మళ్లీ తిరుగుతుంది. బ్యాటరీ ఎర్రగీతలోకి వెళ్లింది. బెటీనా ఎక్కడినుంచో ఛార్జరు తీగ తెచ్చి గుచ్చింది. సంగతేమిటో పూర్తిగా తెలియకపోయినా జర్మనీ గుంపంతా చుట్టూ చేరి ఊపిరి బిగబట్టింది. గడియారం అడిగిన పెద్దాయన టోపీ తీసి గుండెకు ఆనించుకున్నాడు. యాభై ఆరు. యాభై ఏడు. చక్రం ఆగిపోయి, తెరమీద పచ్చటి అక్షరాల్లో "మీ పేపరు అందింది" అని వచ్చింది.

ఆ హోటల్లో ఆ రోజు లేచిన కేకలు ఇప్పటికీ చెప్పుకుంటారు. బెటీనా లెనోరాను ఎత్తి తిప్పింది, ఇద్దరూ కలిసి ఒక కుర్చీమీద పడ్డారు. జర్మనీవాళ్లు చప్పట్లు. ఫోను మోగింది. అవతల సార్జెంటు మాట్లాడట్లేదు, ఈల వేస్తున్నాడు.

"పచ్చ! పచ్చ! మేడమ్, నా బోర్డుమీద పచ్చ!" కాసేపటికి కొంచెం తమాయించుకున్నాడు. "ఇంతకీ ఏ విషయం మీద రాశారు పేపరు?"

లెనోరాకు చెప్పక తప్పలేదు.

"పిల్లలకి గడియారం చూడటం ఎలా నేర్పాలి అని."

ఆయన నవ్వు ఆపడానికి పక్క బల్లవాళ్లు మంచినీళ్లు తేవాల్సొచ్చిందట.

జూన్‌లో ఫీనిక్స్‌లో పట్టాల పండగ. నిప్పుల కొలిమిలా ఉంది ఊరు. ఈసారి గంట తీసెయ్యడం మర్చిపోయి, కుటుంబమంతా గంట ముందే దిగి తలుపుల దగ్గర చెమటలు కక్కింది. వాళ్లమ్మ మఖమలు రవికె తొడుక్కుని, మెడనిండా నీలిరాళ్ల దండలు వేసుకుని వచ్చింది. కూతురి టోపీకి పూసలు కుట్టింది కూడా ఆవిడే. లోపల ఎంత జనం, ఎంత గోల! గౌను మీద చంటిపిల్లను ఎత్తుకున్నవాళ్లు, చేతికర్ర పట్టుకున్నవాళ్లు, గౌను కింద సైన్యం బూట్లు తొడుక్కున్నవాళ్లు. గంటలు వాయించేవాళ్లు, పేర్లు పెట్టి పిలిచేవాళ్లు.

వేదికమీద పెద్దావిడ మైకు అందుకుంది. "మీ ఇంట్లో మొదటి డిగ్రీ మీదే అయితే లేచి నిలబడండి!"

లెనోరా లేచింది. సగం సభ లేచింది. పైన గ్యాలరీలో కేకలు.

"పిల్లల్ని పెంచి పెద్దచేశాక చదివినవాళ్లు!" లేచింది. "పగలంతా ఉద్యోగం చేస్తూ చదివినవాళ్లు!" మళ్లీ లేచింది.

పైనుంచి అమ్మ డెల్బర్ట్‌ను పొడిచింది. "అస్తమానం దాన్ని లేపి కూర్చోబెడతారేమిట్రా? మోకాళ్ల నొప్పులని చెప్పండెవరైనా."

"మధ్యలో ఒక్కసారైనా మానేద్దామనుకున్నవాళ్లు?"

ఆ సభలో ఒక్కరు కూడా మిగలకుండా అందరూ లేచారు. ఒకరినొకరు చూసుకున్నారు. చూసుకుని, నవ్వుతూ ఏడుస్తూ ఒకటే అరుపులు. లెనోరా పక్కనున్న లారీ డ్రైవరు, టల్సా ఆయనే, ఆమె భుజం పట్టుకుని ఊపేశాడు. "వీళ్లందరూనా? నేనొక్కణ్నే అనుకున్నానే!" అన్నాడు.

ఆమె వేదిక దిగాక ఒక నల్లటి బొద్దుమనిషి ఎదురొచ్చాడు. లెనోరా ఊహించినదానికన్నా చాలా పొట్టి. నోరు తెరిచేదాకా పోల్చుకోలేదు.

"మేడమ్!"

"మీరా! ఆ గొంతు పెట్టుకోవడానికి చోటెక్కడుందయ్యా మీలో?"

కావలించుకున్నారు. తర్వాత ఆయన చెవిలో ఒక సంగతి చెప్పాడు. ప్రభుత్వం ఏటా యూనివర్సిటీల్ని అడిగే ఒక శాతముంటుంది, వందమంది చేరితే ఎంతమంది పట్టా పుచ్చుకున్నారని. పత్రికలవాళ్లు ఆడిపోసుకునేది ఆ శాతాన్నే. అందులో జీవితంలో మొట్టమొదటిసారి కాలేజీలో చేరినవాళ్లనే, అదీ పూర్తికాలం చదివేవాళ్లనే లెక్కేస్తారు. లెనోరా పంతొమ్మిదేళ్లప్పుడు ఫ్లాగ్‌స్టాఫ్‌లో ఒక టర్ము చదివింది కాబట్టి ఆమె ఆ లెక్కలోకి రాదు.

"అంటే నేను గట్టెక్కినా మీ శాతం పెరగదా?"

"పెరగదు."

"మానేసినా తగ్గేది కాదు?"

"తగ్గేది కాదు."

"మరి మంగళవారం మంగళవారం ఎందుకయ్యా నా ప్రాణం తోడేశారు?"

సార్జెంటు భుజాలెగరేశాడు. "ఫోను చెయ్యడం నా ఉద్యోగం మేడమ్. అరవడం మాత్రం నా సొంతం."

లెనోరాకు కోపమొచ్చిందా అంటే వచ్చింది. ఇన్నేళ్లు ఈదొస్తే లెక్కలో లేదంటారేమిటి! "వాళ్ల లెక్క వాళ్లనే ఉంచుకోమనండి. నాకు మూడో తరగతి చాలు," అని పట్టా చంకలో పెట్టుకుంది. సార్జెంటును కూడా లాక్కెళ్లి, అమ్మ చేసి తెచ్చిన మటనూ రొట్టే తినిపించి గానీ వదల్లేదు.

ఆగస్టు వచ్చింది. బడి తెరిచిన రోజు లెనోరా అందరికన్నా ముందొచ్చి, బోర్డుమీద పెద్దక్షరాలతో తన పేరు రాసుకుంది. టీచరని రాసి, కాసేపు దూరంనుంచి చూసి, చెరిపి మళ్లీ ఇంకొంచెం పెద్దగా రాసింది. పిల్లలు బిలబిలమంటూ వచ్చారు. కియానా అనే పిల్ల గుమ్మంలోనే ఆగి గదంతా కలయజూసింది.

"చిన్నమ్మా, టీచరేదీ?"

"నేనే."

"నువ్వు కాదు. టీచరు."

"నేనే టీచర్నే! అదిగో, బోర్డుమీద పేరు చదువు."

కియానా కూడబలుక్కుని చదివింది. లెనోరా ఆ మొహంలో నవ్వు కోసం చూసింది. నవ్వు రాలేదు. పిల్ల కింది పెదవి వణికింది.

"అయితే నువ్వు కూడా వెళ్లిపోతావా?"

ఈ తరగతి కోసం లెనోరా ఏళ్లతరబడి కొట్టుకుంది గానీ, ఈ పిల్లలకు టీచరంటే వెళ్లిపోయే మనిషని ఆమెకు తట్టనే లేదు. మోకాళ్లమీద కూర్చుని పిల్ల రెండు చేతులూ పట్టుకుంది.

"వెళ్లిపోయేది నేను కాదే, నువ్వు! వచ్చే ఏడు నాలుగో తరగతికి పోతావుగా? అప్పుడు ఆ కిటికీలోంచి తొంగి చూడు. ఇక్కడే ఉంటా, ఇంకెవరిమీదో అరుస్తూ."

"నిజంగానా?"

"నిజంగా."

కియానా కాసేపు ఆమె మొహంలోకి చూసింది. ముక్కు ఎగబీల్చింది. తర్వాత ముందు వరసలో కుర్చీ లాక్కుని కూర్చుని, "అయితే పెన్సిలివ్వు," అంది.